ఎర్ర డబ్బాను వెనక్కి తిప్పి చదివిన మనిషి

మా పక్క కొట్టు ఆయన పోయారు. ఆ ఉదయం నా జిరాక్స్ సెంటరు తాళం తీస్తుంటే ఆయన భార్య, మా భాభీ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. "మీ అన్న ల్యాడమ్మా" అని ఒక్క మాట అని ఊరుకుంది. ఫోను మాత్రం పెట్టెయ్యలేదు. ఆమె ఊపిరి వినపడుతూనే ఉంది. తెల్లవారి నమాజు చేసుకొచ్చి కుర్చీలో కూర్చున్నారట. గుండెల్లో పట్టేసినట్టుందన్నారట. కావలి ఆసుపత్రికి పోదామని ఆటోను పిలిచేలోపే అంతా అయిపోయింది.

బిట్రగుంటలో పశువులున్న ప్రతి ఇంటికీ ఆయన 'మందుల భాయి'. రైల్వే కాలనీ నుంచి బజారుకొచ్చే దారిలో ఆయనది పశువుల మందుల కొట్టు, దాన్ని ఆనుకునే నా సెంటరు. మా రెండు కొట్లకీ మధ్య గోడ ఒక్కటే. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లెమ్మా అనేవారు.

ఆ పూటే బజారు పెద్దలు నా దగ్గరికొచ్చారు. "అమ్మా, భాయికి ఒక ఫ్లెక్సీ కడదాం. మంచి ఫోటో వెయ్యి. పైన పెద్దక్షరాల్లో ఏదైనా ఘనంగా పెట్టు. మూగజీవుల దేవుడు అని పెడితే ఎట్టుంటాది?" అన్నారు. సరేనని కూర్చున్నాను. ఆ మాటలు టైపు చేశాను. ఎర్ర రంగు వేసి పెద్దవి చేశాను. తెర మీద వాటిని చూసేసరికి నాకు ఒళ్ళు మండింది. ఈ మనిషి చివరి కాలమంతా పోట్లాడింది ఇలాంటి పెద్దక్షరాలతోనే. అన్నీ చెరిపేసి భాభీని అడిగాను. "వద్దులేమ్మా. ఆయనకు పెద్దక్షరాలంటే పడదు గదా" అంది. ఫ్లెక్సీ కట్టలేదు. దానికి బదులు ఇది రాస్తున్నాను.

ఆయన కొట్లోకి అడుగు పెడితే మొదట తగిలేది వాసన. బెల్లం, ఇంగువ, ఫినాయిలు, దాణా కలిసిన వాసన అది. మొదట్లో ముక్కు మూసుకునేదాన్ని, పోను పోను అలవాటైపోయింది. టీ వస్తే సాసరులో పోసుకుని, చల్లారిందాకా దానివంకే చూస్తూ కూర్చునేవారు. ఎవరొచ్చినా ముందు మనుషుల సంగతి అడగరు. "తెల్లావు ఈనిందా?" అంటారు. "ఆ కుంటి మేక నడస్తా ఉండాదా?" అంటారు. మనుషుల పేర్లు మరిచిపోతారు గాని వాళ్ళ బర్రెల కొమ్ములు ఎట్లా ఉంటాయో మరిచిపోరు. మా మేనకోడలి పేరు ఆయనకు ఎన్నడూ గుర్తుండలేదు. వాళ్ళింట్లో పుల్లావు ఉండేది కాబట్టి ఆ పిల్ల పేరు పుల్లావు పాప అయిపోయింది.

ఆయన డాక్టరు కాదు, అయినట్టు నటించిందీ లేదు. జ్వరమంటే పశువుల ఆసుపత్రికి తోలుకుపొమ్మనేవారు. పాలు తగ్గాయంటే దాణా సంగతి అడిగేవారు. ఒక ముసలామె ఉండేది. మూలుగుతున్న కోడిని చీర చెంగులో చుట్టుకుని వచ్చేది. "మందియ్యి నాయనా" అనేది. "కొక్కెర తెగులమ్మా ఇది. వచ్చినాక మందు ల్యా. రాకముందు టీకానే. మిగిలిన కోళ్ళకన్నా వేయించుకోమ్మా, ఆసుపత్రిలో వేస్తారు" అనేవారు. ఆమెకు అది రుచించేది కాదు. రోడ్డుకు అవతలి కొట్టుకు పోయేది. అక్కడ ఎర్ర డబ్బా ఇచ్చేవాళ్ళు. దాని మీద కోడి బొమ్మ ఉండేది, కొక్కెర తెగులు దరిచేరదని రాసి ఉండేది.

ఆ ఎర్ర డబ్బా పేరు రాయను. పేరు మారిపోవడం దానికి అలవాటే. అదొక పొడి, మేతలో కలిపి పెట్టాలి. డబ్బా మీద బర్రె, ఆవు, మేక, కోడి, అన్నీ వరసగా నిలబడి ఉంటాయి. వాటి పక్కన తెల్లకోటు వేసుకుని నవ్వుతున్న డాక్టరు. పైన తెలుగులో లావుపాటి అక్షరాలు: పొదుగు వాపు మాయం, కొక్కెర తెగులు దూరం, సూది అక్కర్లేదు.

ఈయన కూడా దాన్ని అమ్మారు. ఆ మాట ఆయనే అందరికీ చెప్పుకునేవారు కాబట్టి నేను దాచిపెట్టేదేమీ లేదు. దాణా సరుకుతో పాటు కంపెనీ వాళ్ళు పంపిస్తే అరలో పెట్టుకున్నారు. "మేతలో కలుపుకోండి, బలానికి మంచిదంట" అని ఇచ్చేవారు. ఎవరూ వచ్చి చెడ్డదని చెప్పలేదు, మంచిదనీ చెప్పలేదు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం సముద్రం వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. రోజూ పొద్దున్నే పాల క్యానుతో బజారుకొచ్చే మనిషే, అందరం పాలామె అనేవాళ్ళం. భర్త లేడు. ఒక్కటే బర్రె. ఆ బర్రె పాల మీదనే ఆమె కూతుర్ని చదివిస్తోంది. ఆ రోజు క్యాను లేకుండా వచ్చి కొట్టు మెట్టు మీద కూలబడింది.

"అన్నా, నువ్విచ్చిన డబ్బా అయిపోయింది. పొదుగు రాయయిపోయింది. చెయ్యి పెడితే తంతా ఉండాది. పాలు పిండితే చీము వస్తా ఉండాది."

"డాక్టరుకు చూపించినావా?"

"ఎందుకు చూపిస్తానన్నా? సూది అక్కర్లేదని రాసుంది గదా దానిమీద! మా పాప చదివి చెప్పింది. ఇంకో రెండుపూట్లు చూద్దాం, ఇంకో రెండుపూట్లు చూద్దాం అని పెడతానే ఉండా."

ఆయన లేచారు. కొట్టు షట్టరు సగం దించి, "చెల్లెమ్మా, చూస్తుండు" అని నాకు చెప్పి స్కూటరు తీశారు. ఆసుపత్రి నుంచి డాక్టరుగారిని వెనక ఎక్కించుకుని పల్లెకు పోయారు. ఆమె ఆటోలో వెళ్ళింది. అక్కడ జరిగింది తర్వాత ఆయన నాకు చెప్పారు. డాక్టరుగారు పొదుగు పిండితే పసుపురంగు నీళ్ళు, విరిగిన పాలలాంటి తరకలు, వాటి వెనక రక్తం వచ్చాయట. సూదులు వేశారు, చన్నులోకి ట్యూబు మందు ఎక్కించారు. తర్వాత చేతులు కడుక్కుంటూ, "ముందే పిలిచుంటే నాలుగు చన్నులూ దక్కేవి భాయ్. ఇప్పుడు ఎన్ని దక్కుతాయో చూడాలి" అన్నారట. ఈయన డబ్బా సంగతి చెప్తే డాక్టరుగారు నవ్వి, "నేను చెప్తే వింటారా? డబ్బా మీద ఉండే డాక్టరు నాకంటే అందగాడు" అన్నారట. ఆ నవ్వులో కూడా విసుగే ఉందని మా అన్న అన్నారు.

రెండు చన్నులు ఎండిపోయాయి. ఆ ఈతకే కాదు, ఇక ఎప్పటికీ. పాలు సగానికి పడిపోయాయి. కటికవాళ్ళకు అమ్మేయమని పల్లెలో అందరూ చెప్పినా పాలామె ఒప్పుకోలేదు.

డాక్టరుగారిని తీసుకుపోయిన ఆ సాయంత్రమే అన్న ఒక ఎర్ర డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. దాన్ని వెనక్కి తిప్పి, అట్ట అడుగున గీతల బార్‌కోడు కింద చీమల బారులా ఉన్న ఇంగ్లీషు లైను మీద గోరు పెట్టి, "ఇదేందో చదువు" అన్నారు. చదవడం కాదు, ఉందని కనుక్కోవడమే కష్టంగా ఉంది. జిరాక్స్ మిషను మీద పెట్టి పెద్దది చేశాను. పెద్దది చేసిన కాగితాన్ని మళ్ళీ పెద్దది చేశాను. అప్పుడు అక్షరాలు విడివిడిగా కనపడ్డాయి. తెలుగులో చెప్పాను: ఇది పోషకాల మేత మాత్రమే, మందు కాదు, ఏ జబ్బునూ నయం చేయడానికి ఉద్దేశించినది కాదు.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. ఆయన మొహం ఎర్రబడిపోయింది. "ముందరేమో సూది అక్కర్లేదని తెలుగులో అరస్తాడు. వెనకేమో మందే కాదని ఇంగ్లీషులో గొణుగుతాడు. ఆమె ఆ తెలుగును నమ్మిన పాపానికి బర్రె పొదుగు పోగొట్టుకునిందే!"

ఆ తర్వాత ఆ మాట ఆయనకు ఊతపదమైపోయింది. ఎవరు ఏ డబ్బా అడిగినా, "అరిచే అక్షరాన్ని నమ్మబాకండి, గొణిగే అక్షరాన్ని చదవండి" అనేవారు.

నేను పెద్దది చేసిన ఆ కాగితాన్నీ, దాని కింద నేను తెలుగులో టైపు చేసిన అర్థాన్నీ కలిపి ఆయన కొట్టు ముందర అంటించారు. డబ్బాలన్నీ అరలో నుంచి తీసి అట్టపెట్టెలో కట్టేశారు. వారం తిరిగీ తిరక్కముందే కంపెనీ కుర్రాడు మోటారు సైకిలు మీద వచ్చాడు. టై కట్టుకుని, చెమటలు కక్కుకుంటూ, "ఏంది భాయ్ ఇది? కంపెనీ పరువు తీస్తా ఉండారే" అన్నాడు.

"నేనేం తీసినా? ఇది మీరు రాసింది గాదా అబ్బయ్యా?"

"మేమే రాసినాం. అయితే మాత్రం ఇట్టా గోడకు అంటిస్తారా?"

"మీరు చిన్నగా రాసినారు. నేను పెద్దగా చేసినా. అంతే గదా. ఒక్క అక్షరం మార్చినానేమో చూసుకో."

ఆ కుర్రాడు నిజంగానే డబ్బా తిప్పి, లైనూ కాగితమూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. ఒక్క అక్షరం మారలేదు. డబ్బా బల్ల మీద పెట్టేసి మోటారు సైకిలెక్కి పోయాడు. ఆ రోజు నేనూ అన్నా పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వుకున్నాం. ఈ వ్యవహారం మొత్తంలో మేం నవ్వింది ఆ ఒక్కసారే.

తర్వాత ఆయన ఫిర్యాదు రాయించారు. నేనే టైపు చేశాను. రెండు డబ్బాలు, పాలామె వేలిముద్ర, డాక్టరుగారి చీటీ జతచేసుకుని నెల్లూరు బస్సెక్కారు. మొదటిసారి నేనూ తోడు వెళ్ళాను. ఒక ఆఫీసులో, మందుల సంగతి చూసే ఆయన డబ్బాను తీసుకుని వెనక్కి తిప్పి, "ఇది మేత అని వాళ్ళే రాశారు గదండీ. మేత మా పరిధిలోకి రాదు. పైన అడగండి" అన్నారు. పైకి ఎక్కాం. అక్కడ మేతల సంగతి చూసే ఆయన డబ్బాను తిప్పకుండా ముందువైపే చూసి, "జబ్బు నయమవుతుందని రాశారంటే ఇది మందు కింద లెక్క. మా పరిధిలోకి రాదు. కింద అడగండి" అన్నారు. మళ్ళీ కిందికి దిగాం. కింద ఆయన భోజనానికి వెళ్ళిపోయారు.

తిరిగొచ్చే బస్సులో అన్న కిటికీ పక్కన కూర్చుని ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకున్నారు. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ అన్నారు: "విచిత్రమైన పొడి చెల్లెమ్మా ఇది. కింద అంతస్తులో మేత, పై అంతస్తులో మందు. మెట్లెక్కతా ఉంటేనే మారిపోతాది."

ఆ మెట్లు ఆయన ఎన్నిసార్లు ఎక్కి దిగారో నాకు తెలియదు. ప్రతిసారీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు చంకలో పెట్టుకుని పోయేవారు. సాయంత్రం చొక్కా నలిగి వచ్చేది, ఫైలు మాత్రం అట్లానే వచ్చేది. "ఈసారి ఏమన్నారన్నా?" అంటే, "ఈసారి కుర్చీ చూపించినారు" అనేవారు. ఒకసారి "పెద్దాయన బదిలీ అయినాడు. కొత్తాయనకు మళ్ళీ మొదట్నించి చెప్పాల" అన్నారు. ఎవరూ ఆయన్ని కసరలేదు, ఎవరూ లంచం అడగలేదు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఆ మర్యాద తలచుకుంటేనే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తిట్టి ఉంటే ఎవరిని తిట్టాలో మాకన్నా తెలిసేది.

చివరికి అధికారులు వచ్చారు. కాకపోతే వచ్చింది ఈయన కొట్టు మీదికే. ఎవరు పంపారో, ఎందుకు పంపారో తెలియదు. కొట్టంతా వెతికారు. టీకాలు పెట్టే ఫ్రిజ్జులో కరెంటు పోయినప్పుడు చల్లదనం సరిగా నిలవలేదని నోటీసు ఇచ్చారు. ఆ మధ్య మా వీధిలో కరెంటు రోజూ పోయేది, ఆ మాట మా వీధిలో ఎవర్నడిగినా చెప్తారు. సంజాయిషీ ఇచ్చుకునేదాకా ఈయన కొట్టు మూసి ఉంచాల్సి వచ్చింది. వచ్చిన రైతులు మూసిన షట్టరు చూసి, అటు తిరిగి, రోడ్డు దాటి ఎదుటి కొట్లో ఎర్ర డబ్బా కొనుక్కుని పోయేవాళ్ళు. నేను నా సెంటరులో నుంచి చూస్తూ ఉండేదాన్ని. ఆపి చెప్పబోతే ఒకాయన నన్నే కసిరాడు. "నీకు కాగితాల సంగతి తెలుస్తాదిగాని బర్రెల సంగతేం తెలుసమ్మా?"

నిజం చెప్పాలంటే, నాకు కంపెనీ మీద ఎంత కోపమో ఆ రైతుల మీదా అంతే కోపం వచ్చింది. అన్న కొట్టు తిరిగి తెరిచాక కూడా ఒకాయన నిలబడి, "ఉండాదా ల్యాదా చెప్పు భాయ్. నీతులు చెప్పబాక" అన్నాడు. అన్న, "ల్యా" అన్నారు. ఆ రైతు వెళ్ళిపోయాక నేను ఊరుకోలేక, "వీళ్ళకోసమా అన్నా నువ్వు నెల్లూరు తిరిగేది?" అన్నాను. ఆయన మాత్రం నెమ్మదిగా, "వాళ్ళననబాక. రేతిరంతా బర్రె మూలగతా ఉంటే పక్కన కూర్చునేది వాళ్ళే. తగ్గిపోతాదని ఎవురు పెద్దగా చెప్తే వాళ్ళ దగ్గరికే పోతారు. తగ్గదేమో అని చెప్పేవాడు ఎవుడికి కావాల?" అన్నారు. దాణా బస్తా మూతి కడుతూ, "మనిషికి మందు పని చెయ్యకపోతే వచ్చి గొంతు పట్టుకుంటాడు. బర్రె వచ్చి అడగతాదా? కోడి వచ్చి అడగతాదా? నోరు లేనిదానికిచ్చే మందు గదా, అందుకే ఈ యాపారంలో అబద్ధం హాయిగా బతికిపోతాది" అన్నారు.

ఇంట్లో భాభీకి కూడా విసుగొచ్చింది. సరుకు పంపే ఏజెంట్లు ఒక్కొక్కరే మొహం చాటేశారు. దాణా కూడా వేరే ఊరి నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఒకరోజు ఆమె అన్నం గిన్నె తీసుకొచ్చి, నా ముందే, "నీ కొట్టు ఏమైపోతా ఉండాదో కనపడ్తాందా నీకు? ఆ డబ్బా మీద ఎవురేం రాసుకుంటే మనకేంది?" అంది. ఆయన గిన్నె మూత తీసి చూసి, "చేపల పులుసా!" అన్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ పూట ఆయన సరిగ్గా తిననే లేదు.

చాలాకాలానికి ఒక జవాబు వచ్చింది. లేబుల్ మీది అభ్యంతరకరమైన పదాలను మార్చవలసిందిగా కంపెనీని ఆదేశించామని దాని సారాంశం. అన్న ఆ కాగితాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుని, మిఠాయి కొట్టుకు పోయి పాలకోవా తెచ్చి బజారంతా పంచారు. పాలామెకు పెద్ద పొట్లం కట్టించి పంపారు. ఆ రోజు ఆయన నడకే వేరుగా ఉంది.

తర్వాత కొన్నాళ్ళకు ఆ టై కట్టుకున్న కుర్రాడు నా సెంటరుకు వచ్చాడు. పక్కదే భాయి కొట్టని మరిచిపోయాడో, నాకూ ఆయనకూ సంబంధం లేదనుకున్నాడో. "అక్కా, స్టిక్కర్లు కొట్టాల. అర్జెంటు. పాత సరుకు మీద అంటించాల" అని కాగితం ఇచ్చాడు. అందులో రెండు స్టిక్కర్లు. ఒకటి ముందువైపుకి. 'పొదుగు వాపు మాయం' అనే చోట ఇక మీదట, 'పొదుగు వాపు తగ్గుతుందని రైతుల నమ్మకం' అని ఉండాలట. రెండోది వెనకవైపుకి. దాని మీద కొత్త ధర తప్ప ఇంకేమీ లేదు.

"ధర స్టిక్కరు ఇంత వెడల్పెందుకు?" అని అడిగాను.

వాడు డబ్బా తీసి ఎక్కడ అంటించాలో చూపించాడు. గీతల కోడు కింద, సరిగ్గా ఆ ఇంగ్లీషు లైను మీద.

మిషను పాడైందని చెప్పాను. వాడు నా వెనక గుడగుడమంటూ తిరుగుతున్న మిషనువంక చూసి, కాగితం తీసుకుని రైల్వే గేటు దగ్గరున్న సెంటరుకు పోయాడు. సాయంత్రానికి స్టిక్కర్లు తయారైపోయాయని తెలిసింది. నేను కొట్టకపోతే ఆగే పనా అది?

ఆ సంగతి అన్నకు చెప్పడం నాకు ఇష్టం లేదు. చెప్పక తప్పదు కాబట్టి చెప్పాను. ఆయన విని, కొట్టు లోపలికి పోయి, బెల్లం బుట్ట మీద మూత సరిచేసి, తిరిగొచ్చి కూర్చున్నారు.

"అంటే గెలిచినాం అన్నమాట" అన్నారు.

"ఏం గెలుపన్నా ఇది!"

"ఇంతకుముందు ఆ అబద్ధం కంపెనీది. ఇప్పుడు రైతులదంట. వాళ్ళ నమ్మకమంట." కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నారు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ మళ్ళీ తుడిచారు. "పాలామె నమ్మింది గదా. అది నిజమే. నిజాన్నే తెచ్చి దానిమీద అంటించినారు చూడు."

నేనైతే అక్కడితో వదిలేసేదాన్ని. ఆయన వదల్లేదు. ఇంకో ఫిర్యాదు రాద్దామన్నారు. ఆయన పోవడానికి ముందురోజు కూడా ఆ సంగతే మాట్లాడాం. "ఈసారి బొమ్మ సంగతి కూడా రాయాల చెల్లెమ్మా. ఆ తెల్లకోటు మనిషి ఎవురు, ఎక్కడ చదివినాడు అని అడగాల" అన్నారు. రేపు కూర్చుందాం అన్నాను. ఆ రేపు పొద్దున్నే భాభీ ఫోను వచ్చింది.

ఇదంతా చదివి, ఆయన చేసినదానివల్ల ఏం ఒరిగిందని ఎవరైనా అడిగితే నా దగ్గర గొప్ప సమాధానం లేదు. డబ్బా ఇప్పటికీ అమ్ముతున్నారు. ఒక్క సంగతి మాత్రం చెప్పగలను. పాలామె పొద్దున్నే పాల కేంద్రం దగ్గర వరసలో నిలబడి, చూడి బర్రెలున్న ఆడవాళ్ళందరికీ తన బర్రె పొదుగు గురించి చెప్తుంది. ఎవరూ అడక్కపోయినా చెప్తుంది. "వాస్తే ఆ పూటే డాక్టరును పిలవండి. డబ్బా మొహం చూడబాకండి" అంటుంది. వాళ్ళలో కొందరు వింటున్నారట. డాక్టరుగారే ఆ మాట నాతో అన్నారు. ఆ పల్లె నుంచి ఇప్పుడు తొందరగా ఫోన్లు వస్తున్నాయట.

ఆయన పోయిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఇరుగుపొరుగు ఇళ్ళ నుంచి అన్నం, టీ వచ్చాయి. పాలామె క్యానుతో వచ్చి, గుమ్మం దాటకుండా వరండాలో నిలబడింది. ఆ బర్రె రెండు చన్నుల్లో ఆ పూట వచ్చిన పాలన్నీ తెచ్చేసింది. భాభీ బయటికొచ్చి ఆమెను చూడగానే అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు కట్ట తెగింది. "నీ బర్రె కోసమే గదమ్మా తిరిగి తిరిగి..." అంది. నిష్ఠూరమాడిందో చెప్పుకుని ఏడ్చిందో నాకు తెలియలేదు. పాలామె క్యాను కింద పెట్టి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "అవునమ్మా. మా కోసమే" అంది. ఇద్దరూ అట్లానే నిలబడి ఏడ్చారు. కాసేపటికి నేను ఆ పాలు లోపలికి తీసుకుపోయి పక్కింట్లో కాచి అందరికీ టీ పోశాను.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఆయన్ని తీసుకుపోయారు. పాలామెతో పాటు నేనూ వెనక నడిచాను. శ్మశానం దాకా ఆడవాళ్ళు పోరు కాబట్టి రోడ్డు మలుపు దగ్గర ఆగిపోయాం. అక్కడ ఒక పాత గిడ్డంగి గోడ ఉంది. దానికి కొత్తగా సున్నం కొట్టి, నిచ్చెన వేసుకుని ఒక పెయింటరు బర్రె బొమ్మ గీస్తున్నాడు. పక్కన ఎర్ర డబ్బా బొమ్మ అప్పటికే అయిపోయింది. జనాన్ని చూసి అతను గబగబా నిచ్చెన దిగి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అందరూ మలుపు తిరిగేదాకా కదల్లేదు.

"ఎవురమ్మా?" అని నన్నడిగాడు.

"మందుల భాయి."

"అయ్యో! ఆయనా! మా మేకలకు ఏమొచ్చినా ఆయన దగ్గరికే గదమ్మా పోయేది." తువ్వాలుతో మొహం తుడుచుకుని, మలుపు వైపు ఇంకాసేపు చూశాడు. ఆ తర్వాత తువ్వాలు తలకు చుట్టుకుని, రంగు డబ్బా అందుకుని, నిచ్చెన ఎక్కాడు.

పాలామె ఆ గోడవంకే చూస్తూ నిలబడింది. గోడ మీద బర్రె నిజం బర్రె కంటే పెద్దది. పొదుగు నేలను తాకేంత నిండుగా, నాలుగు చన్నులూ గులాబీరంగులో నిగనిగలాడుతున్నాయి. కళ్ళు మాత్రం ఇంకా పెట్టలేదు. అవి ఉండాల్సిన చోట రెండు తెల్లటి గుండ్రాలు, వాటి కింద గోడ మీదుగా మెల్లగా జారుతున్న తడి నల్లరంగు.